సాయంత్రం అయ్యేసరికి పాప గుక్కపట్టి ఏడుస్తోంది. నిద్ర వస్తోందని ముందే తెలుసుకోవడం ఎలా?

పాపాయి నాన్న:

అందరికీ నమస్కారం. మా పాపకి రెండున్నర నెలలు. నెలలు నిండాకే పుట్టింది. బరువు బాగానే పెరుగుతోంది, టీకాలకి తీసుకెళ్ళినప్పుడు డాక్టర్ గారు కూడా అంతా బాగుందన్నారు. పగలంతా నా భార్య చూసుకుంటుంది. సాయంత్రం నేను ఆఫీసు నుంచి రాగానే పాపని అందుకుంటాను, తను కాసేపు నడుం వాలుస్తుంది.

ఇబ్బంది అప్పుడే మొదలవుతుంది. నేను వచ్చిన కొత్తలో పాప బాగా నవ్వుతుంది, నాతో ఊసులు చెబుతుంది. గిలక్కాయ ఆడిస్తే కళ్ళు తిప్పి చూస్తుంది. ఒక అరగంట గడిచాక కాస్త చప్పబడుతుంది. విసుగొచ్చిందేమోనని ఇంకో బొమ్మ తీస్తాను, లేకపోతే ఎత్తుకుని లైట్లు చూపిస్తాను. ఆ తర్వాత ఒక్కసారిగా ముఖం ఎర్రగా చేసుకుని ఏడుపు అందుకుంటుంది. పాలు పట్టబోతే రెండు గుక్కలు తాగి వదిలేస్తుంది, వెన్ను వెనక్కి విరుచుకుంటుంది. డైపర్ మార్చి చూస్తాం, భుజాన వేసుకుని తిప్పుతాం, పాట పెడతాం. ఏం చేసినా ఏడుపు పెరుగుతుందే తప్ప తగ్గదు. చాలాసేపటికి సొమ్మసిల్లినట్టు నిద్రపోతుంది.

ఒకరు గ్యాస్ అంటారు, ఇంకొకరు పాలు చాలడం లేదంటారు. నా భార్య మాత్రం ఇది నిద్ర ఏడుపే అంటోంది. నిద్రొస్తే నిద్రపోవాలి కదా, ఇంత ఏడుపెందుకు? ఆవలింత కనపడగానే పడుకోబెడదామని చూస్తున్నాను. కానీ ఆవలించిన రెండు మూడు నిమిషాల్లోనే ఏడుపు వచ్చేస్తోంది. ఆవలింత కంటే ముందు కనిపించేది ఏమైనా ఉందా? ఆకలి ఏడుపుకీ దీనికీ తేడా ఎలా పట్టాలి? సాయంత్రం వస్తోందంటేనే ఇద్దరికీ టెన్షన్‌గా ఉంటోంది. అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి.

---

ఇద్దరు పిల్లల అమ్మ:

అన్నయ్యా, ఒక్కసారి గడియారం చూడండి. పాప నిద్ర లేచి ఎంతసేపైందో మీకు తెలుసా? రెండున్నర నెలల బిడ్డ గంట, మహా అయితే గంటన్నర మెలకువగా ఉండగలదు. అందులో పాలు తాగిన సమయం, డైపర్ మార్చిన సమయం కూడా కలిసే ఉంటాయి. మీరు వచ్చేసరికే ముప్పావుగంట అయిపోయి ఉంటే, ఇక మిగిలేది కొంచెమే.

ఇంకో మాట, అందరు పిల్లలూ ఒకేలా చెప్పరు. మా పెద్దవాడికి కనుబొమ్మల చుట్టూ, కనురెప్పల మీద ఎర్రగా అయ్యేది. అది చూసి పడుకోబెట్టేదాన్ని. చిన్నదానికి అలాంటిదేమీ లేదు, దానికి ఒక్కసారిగా ఎక్కిళ్ళలాంటి చిన్న చిన్న మూలుగులు వచ్చేవి. మీ పాపది ఏమిటో మీరే పట్టుకోవాలి.

---

పసిపిల్లల సిస్టర్:

తమ్ముడూ, మీ భార్య చెప్పిందే సరి అని నాకూ అనిపిస్తోంది. నేను ఆస్పత్రిలో నవజాత శిశువుల వార్డులో చాలా ఏళ్ళు నర్సుగా పనిచేశాను. ఇప్పుడు పిల్లల సంరక్షణ కేంద్రంలో ఏడాదిలోపు పిల్లల గది చూసుకుంటున్నాను. మీరు రాసినదాంట్లోనే జవాబు ఉంది. "కాస్త చప్పబడుతుంది" అన్నారు చూడండి, అదే మీరు వెతుకుతున్న మొదటి గుర్తు. పాప ఆ నిమిషంలోనే మీకు చెప్పేసింది.

చప్పబడటం అంటే దగ్గరగా చూస్తే ఏం కనిపిస్తుందో చెబుతాను. అప్పటిదాకా కాళ్ళూ చేతులూ ఆడిస్తున్న బిడ్డ కదలికలు నెమ్మదిస్తాయి. మీ మాటకి బదులుగా వచ్చే "ఊ"లు తగ్గుతాయి. ముందు మీ కళ్ళలోకి చూసిన చూపు, మీ చెవి పక్కగా ఎటో వెళ్ళి అక్కడే నిలిచిపోతుంది. రెప్ప వేయడం బద్ధకంగా ఉంటుంది. బొమ్మ కదిలిస్తే ఒకసారి చూసి వదిలేస్తుంది. కొంతమంది తల పక్కకి తిప్పేసుకుంటారు. అలా తిప్పుకుంటే మనమంటే ఇష్టం లేక కాదు, "ఇక చాలు" అని చెప్పడానికి ఆ వయసులో వాళ్ళ దగ్గరున్న దారి అదొక్కటే. చాలా ఇళ్ళలో సరిగ్గా అప్పుడే ముఖాన్ని మళ్ళీ మనవైపు తిప్పుకుని, ఇంకా గట్టిగా పలకరిస్తారు. ప్రేమతోనే చేస్తారు. కానీ బిడ్డ పక్కన నిలబడి చూస్తే నాకు బాధగా ఉంటుంది, ఎందుకంటే అది అడిగింది దొరకలేదు.

ఆవలింత, కళ్ళు నలుపుకోవడం, పిడికిళ్ళు బిగించడం, చీటికీమాటికీ ఉలిక్కిపడటం, ఇవన్నీ ఆ తర్వాతివి. ఆవలింత దగ్గర మేలుకుంటే కూడా పర్వాలేదు, కానీ మీ పాపకి ఆవలింతకీ ఏడుపుకీ మధ్య వ్యవధి లేదంటున్నారు కాబట్టి మీరు దాన్ని లెక్కలోంచి తీసేయండి. వెన్ను విరుచుకోవడం, ఒళ్ళు బిగబట్టడం, రొమ్మునీ సీసానీ తోసేయడం వచ్చాయంటే బాగా ఆలస్యమైనట్టు.

నిద్రొస్తే నిద్రపోవాలి కదా అన్నారు. పెద్దవాళ్ళకి అంతే. మెలకువగా ఉన్నంతసేపూ మెదడులో అడినోసిన్ అనే పదార్థం పేరుకుంటూ నిద్రవైపు నెడుతుంది. పసివాళ్ళలో ఈ నిద్ర ఒత్తిడి మనకంటే చాలా తొందరగా పెరుగుతుంది. అయితే నిద్రలోకి జారాలంటే ముందు ఒళ్ళు శాంతించాలి. తనంతట తాను శాంతించడం రెండున్నర నెలల బిడ్డకి ఇంకా రాదు. వెలుతురు, మాటలు, టీవీ, ముఖాలు అన్నీ లోపలికి వస్తూనే ఉంటాయి, వాటిని వద్దనుకుని పక్కకి జరిగే వీలు కూడా లేదు. అందుకే అలసట హద్దు దాటేసరికి నిద్ర తేలిపోయి ఏడుపు మిగులుతుంది. పగలు, రాత్రి తేడా తెలిపే శరీర గడియారం కూడా రెండు నుంచి నాలుగు నెలల మధ్య ఇప్పుడిప్పుడే కుదురుకుంటూ ఉంటుంది.

ఆకలి సంగతి. ఆకలేసిన బిడ్డ బుగ్గ తాకితే అటే తల తిప్పి నోరు తెరుస్తుంది. పెదాలు చప్పరిస్తుంది, నాలుక బయటకి పెడుతుంది, చెయ్యి నోట్లో పెట్టుకుంటుంది. పాలు దొరగ్గానే చప్పరించి, మింగి, ఆగి, మళ్ళీ చప్పరిస్తూ ఒక లయలో తాగుతుంది. నిద్ర ముంచుకొచ్చిన బిడ్డ రెండు గుక్కలు తాగి వదిలేసి ఏడుస్తుంది, మీ పాప చేస్తున్నదదే. కానీ చెయ్యి నోట్లో పెట్టుకోవడం రెండింటికీ ఉంటుంది, కాబట్టి దాన్నొక్కదాన్నే నమ్ముకోవద్దు. పాలు తాగి ఎంతసేపైంది, నిద్ర లేచి ఎంతసేపైంది, ఈ రెండూ కలిపి చూడండి. అనుమానం ఉంటే పాలు ఇవ్వండి, నష్టమేమీ లేదు. ఈ వయసులో చాలామంది పిల్లలు సాయంత్రం పూట మాటిమాటికీ కొంచెం కొంచెం తాగుతారు. అంతమాత్రాన తల్లికి పాలు చాలడం లేదని అర్థం కాదు. బరువు పెరుగుతూ, డైపర్లు బాగా తడుస్తుంటే ఆ మాట మీ భార్య దగ్గర ఎవరినీ అననివ్వకండి.

ఇప్పుడు చేయాల్సింది. పాప చప్పబడగానే బొమ్మ కింద పెట్టేయండి. లైటు తగ్గించండి, టీవీ ఆపండి. గొంతు తగ్గించి, ఎత్తుకుని, పడుకునే గదిలోకి తీసుకెళ్ళండి. డైపర్ చూసుకుని, భుజాన వేసుకుని జోకొడుతూ ఏదో ఒకే పాట సన్నగా పాడండి. రోజూ ఇదే వరుసలో చేయండి. పెద్ద తతంగం అక్కర్లేదు, ఈ వయసుకి ఐదు పది నిమిషాలు చాలు.

అప్పటికే ఏడుపు మొదలైపోతే ఒక పద్ధతి పట్టుకుని కాసేపు దానిమీదే ఉండండి. ఇంట్లో సాధారణంగా ఏం జరుగుతుందంటే, ఒక నిమిషం భుజాన, ఇంకో నిమిషం ఒళ్ళో, తర్వాత గిలక్కాయ, తర్వాత బాల్కనీ, ఈలోపు నలుగురి చేతులు మారుతుంది. బిడ్డకి ప్రతి మార్పూ కొత్త అలజడే. చీకటిగా ఉన్న గదిలో ఒకే మనిషి, ఒకే రకంగా ఎత్తుకుని, ఒకే వేగంతో నడవండి. మొదట్లో తగ్గినట్టు కనిపించదు, అయినా మార్చకండి.

ఒక విషయం దాచకుండా చెప్పాలి. సాయంత్రం ఏడుపంతా అలసటే అనుకోవద్దు. అమెరికా పిల్లల డాక్టరు బ్రేజెల్టన్ 1962లో తల్లుల చేత ఏడుపు డైరీలు రాయించి చూస్తే, ఆరోగ్యంగా ఉన్న పిల్లలు కూడా ఆరు వారాల వయసు దగ్గరే అన్నిటికంటే ఎక్కువగా ఏడుస్తారని, అదీ సాయంత్రాల్లో ఎక్కువని తేలింది. ఆ తర్వాత తగ్గుతూ మూడు నాలుగు నెలలకి సర్దుకుంటుంది. అంటే మీరు అన్నీ సరిగ్గా చేసినా కొన్ని సాయంత్రాలు ఏడుస్తుంది. అది మీ చేతకానితనం కాదు. ఎప్పుడైనా మీకు ఓపిక నశించి కోపం వస్తోందనిపిస్తే, పాపని వెల్లకిలా తన పడకలో పడుకోబెట్టి, తలుపు దగ్గరికి వేసి, ఐదు నిమిషాలు బయట నిలబడి రండి. ఆ ఐదు నిమిషాల ఏడుపుతో ఏమీ కాదు. ఎంత విసిగినా బిడ్డని పట్టుకుని కుదపకూడదు, మెదడులో రక్తస్రావం అవుతుంది.

చివరిది మీ కోసం. పొద్దంతా పాపని చూడకుండా ఉండి వస్తారు, ఆడుకోవాలని మీ మనసు పీకుతుంది. నాకు అర్థమవుతుంది. కానీ మీరొచ్చే వేళకి పాప ఆటలు అయిపోయి ఉంటాయి. ఇంటికి రాగానే "ఎప్పుడు లేచింది?" అని మీ భార్యని అడగండి. గంట దాటిందంటే ఆ రోజుకి మీ వంతు నిద్రపుచ్చడం. నా మాట నమ్మండి, భుజమ్మీద నిద్రపోయిన బిడ్డకి నాన్న వాసన, గొంతు బాగా గుర్తుంటాయి. ఆటలు ఉదయం ఆఫీసుకి వెళ్ళేముందు, పాప తాజాగా లేచినప్పుడు పెట్టుకోండి.

---

కవలల తల్లి:

సిస్టర్ గారూ, మధ్యలో అడుగుతున్నందుకు ఏమీ అనుకోకండి. మా కవలలు ఏడు వారాలు ముందే పుట్టారు. ఇప్పుడు నాలుగు నెలలు. అందరూ ఈ వయసుకి రెండు గంటలు మెలకువగా ఉంటారంటున్నారు, మావాళ్ళు గంట దాటితే తట్టుకోలేరు. బాబు మీరు చెప్పినట్టే ఎటో చూస్తూ ఉండిపోతాడు. పాప ఏ గుర్తూ ఇవ్వదు, నవ్వుతూ నవ్వుతూ ఏడుపులోకి వెళ్ళిపోతుంది. ఇద్దరి మధ్యా నేను నలిగిపోతున్నాను. పైగా పాప ఒక్కోరోజు ఎక్కువ నిద్రపోతే అదొక భయం.

---

పసిపిల్లల సిస్టర్:

అమ్మా, ముందే పుట్టిన పిల్లలకి పుట్టిన తేదీ నుంచి కాదు, కాన్పుకి డాక్టర్ ఇచ్చిన తేదీ నుంచి లెక్కపెట్టాలి. అలా చూస్తే మీ పిల్లలు ఇప్పుడు రెండున్నర నెలల లోపే. గంటకే అలిసిపోవడం ఆ వయసుకి సరిపోయిందే. టీకాలకి మాత్రం పుట్టిన తేదీయే లెక్క.

మెలకువ గంటలు నేను వాడే అంచనా ఇది. మొదటి నెలలో పాలతో కలిపి ముప్పావుగంట నుంచి గంట. రెండు మూడు నెలలకి గంట నుంచి గంటన్నర. ఆరో నెలకి రెండు నుంచి మూడు గంటలు. పిల్లల మధ్య తేడా చాలా ఉంటుంది. నిద్ర వైద్య నిపుణుల అమెరికన్ అకాడమీ 2016లో ఏ వయసుకి ఎంత నిద్ర కావాలో చెబుతూ, నాలుగు నెలల నుంచి ఏడాది వరకు కునుకులతో కలిపి రోజుకి 12 నుంచి 16 గంటలని చెప్పింది. నాలుగు నెలల లోపు వాళ్ళకి అంకె ఇవ్వనే లేదు, ఆ వయసులో ఆరోగ్యంగా ఉన్న పిల్లల మధ్యే అంత తేడా ఉంటుంది కాబట్టి.

మీ పాపలాంటి పిల్లలు నా గదిలోనూ ఉంటారు. వాళ్ళ విషయంలో నేను గుర్తుల కోసం ఎదురుచూడను. లేచిన టైము పలక మీద రాసుకుని, యాభై నిమిషాలకి గది చీకటి చేస్తాను. గుర్తులిచ్చే బిడ్డకి కళ్ళు, ఇవ్వని బిడ్డకి గడియారం. బాబు అలిసినట్టు కనిపించగానే ఇద్దరినీ కలిపి పడుకోబెట్టే ప్రయత్నం చేయండి. లేచిన టైము ఇద్దరిదీ ఒకటే అయితే చాలాసార్లు కుదురుతుంది. పడకలు మాత్రం ఇద్దరికీ వేరువేరుగా ఉండాలి.

ఎక్కువ నిద్ర గురించి. అలసటకి, అనారోగ్యానికి తేడా ఇలా చూడండి. అలిసిన బిడ్డ నిద్రపోయి లేచాక పాలు బాగా తాగుతుంది, చురుగ్గా ఉంటుంది. జబ్బు చేసిన బిడ్డ లేపినా సరిగ్గా లేవదు, పాలు పట్టదు, ఒళ్ళు వేలాడేసినట్టు ఉంటుంది, ఏడుపు నీరసంగానో ఎప్పుడూ లేనంత కీచుగానో ఉంటుంది, డైపర్లు తడవడం తగ్గుతుంది. ఇవి కనిపిస్తే ఆ రాత్రే ఆస్పత్రికి. మూడు నెలల లోపు బిడ్డకి జ్వరం 38 డిగ్రీల సెల్సియస్, అంటే 100.4 ఫారెన్‌హీట్, చేరిందంటే మిగతావేవీ లేకపోయినా వెంటనే చూపించాలి. ఇంట్లో మందేసి తెల్లారేదాకా చూద్దామనుకోవద్దు.

---

పాపాయి నాన్న:

సిస్టర్ గారూ, ఇంత వివరంగా రాసినందుకు చాలా చాలా థాంక్స్. మీ జవాబు ఇద్దరం కలిసి చదివాం. నిన్న సాయంత్రం నేను బొమ్మ పట్టుకోకుండా పాప ముఖమే చూస్తూ కూర్చున్నాను. మీరు చెప్పినట్టే ముందు కాళ్ళు తన్నడం ఆపేసింది. తర్వాత చూపు నా భుజం మీదుగా కర్టెన్ వైపు వెళ్ళి అక్కడే ఉండిపోయింది. ఎడమ కనుబొమ్మ మీద కొంచెం ఎరుపు కూడా వచ్చింది. ఆవలింత ఇంకా రాలేదు. వెంటనే గదిలోకి తీసుకెళ్ళాం. ఏడ్చింది, కానీ రోజూ ఉన్నంత లేదు. భుజాన నిద్రపోయింది.

ఇప్పుడు కొత్త సమస్య. పడుకోబెట్టగానే కళ్ళు తెరిచేస్తోంది. ఒకసారి పడుకున్నాక కూడా మూలుగుతూ, ముఖం చిట్లిస్తూ ఉంటే లేచిందనుకుని ఎత్తుకున్నాం. నిద్ర చెడి మళ్ళీ ఏడుపు. సోఫాలో నా గుండెల మీద పడుకోబెట్టుకుంటే మాత్రం హాయిగా పడుకుంటోంది. అలా చేయొచ్చా?

---

పసిపిల్లల సిస్టర్:

కర్టెన్ దగ్గర పట్టుకున్నారు చూడండి, చాలా సంతోషం తమ్ముడూ. ఇక అది మీ పాప గుర్తు.

ముందు సోఫా సంగతి, ఎందుకంటే అది ముఖ్యం. మెలకువగా ఉండి గుండెల మీద పడుకోబెట్టుకుంటే తప్పులేదు. కానీ రోజంతా పనిచేసి వచ్చిన మనిషి సోఫాలో వెనక్కి వాలితే నిద్ర పట్టేస్తుంది. బిడ్డతో కలిసి సోఫాలో నిద్రపోవడం మంచం కంటే ఎన్నో రెట్లు ప్రమాదం, దిండ్ల మధ్యకి జారి ఊపిరాడదు. మీ కళ్ళు మూతలు పడుతున్నాయంటే పాపని మీ భార్యకి ఇచ్చేయండి, లేదా తన పడకలో వేయండి. ఆ పడక మీ గదిలోనే ఉండాలి. పరుపు గట్టిగా, చదునుగా ఉండాలి. దిండు, దుప్పటి, బొమ్మలు ఏవీ ఉండకూడదు. ఎప్పుడూ వెల్లకిలా పడుకోబెట్టాలి. గుడ్డలో చుట్టే అలవాటుంటే తుంటి, కాళ్ళు ఆడేలా వదులుగా చుట్టండి, బోర్లా పడటానికి ప్రయత్నిస్తున్నట్టు కనిపించిన రోజే మానేయండి.

పడుకోబెట్టగానే లేవడం గురించి జపాన్‌లో రికెన్ సంస్థలో కురోడా కుమి బృందం పిల్లల గుండె వేగం కొలుస్తూ పరిశోధన చేసింది, 2022లో అచ్చయింది. ఏడుస్తున్న బిడ్డని ఎత్తుకుని ఐదు నిమిషాలు ఆగకుండా నడిస్తే చాలామంది శాంతించారు, కొందరు నిద్రపోయారు. కానీ వెంటనే పడుకోబెడితే వాళ్ళలో కొందరు లేచిపోయారు. నిద్రపోయాక ఎత్తుకునే ఐదు నుంచి ఎనిమిది నిమిషాలు కూర్చుని, ఆ తర్వాత పడుకోబెడితే ఎక్కువమంది లేవలేదు. బిడ్డని కదిలించేది పరుపు తగలడం కాదు, మన ఒంటి నుంచి విడిపోయే క్షణమని వాళ్ళ కొలతల్లో కనిపించింది. పరిశోధనలో పిల్లలు తక్కువమందే, అయినా నా చేతులకి తెలిసిందీ అదే. మీరు భుజాన నిద్రపోగానే దించేస్తున్నట్టున్నారు. పాప చెయ్యి పైకెత్తి వదిలి చూడండి, బరువుగా వాలిపోతే నిద్ర ముదిరినట్టు. దించేటప్పుడు ముందు పిరుదులు, తర్వాత వీపు, చివర తల. దించాక మీ అరచెయ్యి తన గుండె మీద కాసేపు అలాగే ఉంచి మెల్లగా తీయండి.

మూలుగులకి ఎత్తుకోకండి. పసివాళ్ళ నిద్రలో దాదాపు సగం కదలికల నిద్రే. అందులో మూలుగుతారు, నవ్వుతారు, ముఖం చిట్లిస్తారు, కళ్ళు సగం తెరుస్తారు కూడా. లైటు వేయకుండా, మాట్లాడకుండా ఒక నిమిషం చూడండి. నిజంగా లేస్తే ఏడుపు తీరులోనే తెలిసిపోతుంది.

ఒకటి గుర్తుపెట్టుకోండి, ఈ గుర్తులు ఇలాగే ఉండవు. నాలుగైదు నెలలకి చేతులు పాప మాట వినడం మొదలెట్టాక కళ్ళు నలుపుకుంటుంది, చెవి పీక్కుంటుంది, మీ చొక్కాలో ముఖం రుద్దుకుంటుంది. పాకే వయసులో చప్పబడటానికి బదులు ఇంకా రెచ్చిపోయి ఆడుతుంది, తూలి పడుతుంది, అదీ అలసటే. చెవి పీక్కోవడంతో పాటు జ్వరం గానీ, చెవిలోంచి ద్రవం గానీ కనిపిస్తే మాత్రం నిద్ర అనుకోకుండా డాక్టర్‌కి చూపించండి.

---

ఇద్దరు పిల్లల అమ్మ:

అన్నయ్యా, మీ వదినకో అత్తగారికో ఎవరికైనా పాపని అప్పగించేటప్పుడు "కర్టెన్ వైపు చూస్తూ ఉండిపోతే పడుకోబెట్టండి" అని, ఎప్పుడు లేచిందో టైముతో సహా చెప్పి వెళ్ళండి. మా ఇంట్లో ఆ రెండు ముక్కలు కాగితం మీద రాసి తలుపుకి అంటించాకే అందరూ ఒకేలా చేయడం మొదలైంది.